సాక్షుల్లేని ఏనుగు

మా కాలనీలో ఒకే ప్లాటుకి ఇద్దరు యజమానులు భూమిపూజకి వచ్చింది ఒక ఆదివారం. బడి లేదు కాబట్టి పిల్లలమందరం గోడలెక్కి చూశాం. ఇద్దరూ ఒకే పంచాంగం చూసినట్టున్నారు, ముహూర్తం కూడా ఒక్కటే. ఒకాయన మలక్‌పేట నుంచి ఆటోలో కుటుంబంతో దిగాడు. రెండో ఆయన స్కూటరు వెనక పురోహితుణ్ణి కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఇద్దరి దగ్గరా కొబ్బరికాయలున్నాయి, ఇద్దరి సంచుల్లోనూ రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి. ఆ ప్లాటు ఇద్దరికీ అమ్మిపెట్టిన బ్రోకరు మాత్రం ఒక్కడే. అతను రాలేదు. కాసేపు అరుచుకున్నారు. ఎండ ముదిరాక రెండు కుటుంబాలూ మా ప్రహరీ గోడ నీడలో పక్కపక్కనే కూర్చుని మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగాయి. పురోహితుడు ఎవరి పూజా చెయ్యకుండా ఎల్బీనగర్ చౌరస్తా వైపు నడిచి వెళ్ళిపోయాడు.

అప్పట్లో చౌరస్తా దాటి లోపలికి వస్తే ఇళ్ళకంటే హద్దురాళ్ళే ఎక్కువ కనిపించేవి. ద్రాక్షతోటలు పీకేసిన చోట పందిరి మోసిన రాతికడీలు ఇంకా వరసగా నిలబడే ఉండేవి. మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి సిమెంటు పూత లేని ఇళ్ళు. మాదీ అలాంటిదే. నాన్నకి హైదరాబాదులో ఉద్యోగం దొరికితే తెనాలి దగ్గర ఉన్న కాస్తా అమ్ముకుని వచ్చి రెండు గదులు వేసుకున్నాం. మా అమ్మ లెక్కలో మనుషులు రెండు రకాలు: మనవాళ్ళు, ఇక్కడివాళ్ళు. మనవాళ్ళంటే కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, చుట్టాలు కాకపోయినా సరే. ప్లాటు గొడవ తర్వాత ఈ లెక్క మరీ బిగుసుకుంది. ఆ బ్రోకరుది ఏ ఊరో ఎవరికీ తెలియకపోయినా అతను ఇక్కడివాడే అని అమ్మ తేల్చేసింది. చాలా రోజుల తర్వాత అతనిది మా తెనాలి పక్క ఊరేనని బయటపడింది. అమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఆ ప్లాట్లన్నీ ఒకప్పుడు ఎవరి పొలాలో ఆ ఇంటి మనవరాలు నాతో పాటు ఆరో తరగతి చదివేది. మేమిద్దరం ఒకే బెంచీ. నాకంటే బెత్తెడు పొడుగు, మాట తక్కువ. వాళ్ళ తాతకి చదువు రాదు. ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తే ఏ పొలం పోయిందో ఆయన అరుగు మీద కూర్చుని రోజూ చెప్పేవాడట. అందుకేనేమో పన్నెండేళ్ళ పిల్లకి కాగితాలన్నా, సాక్షులన్నా, హద్దులన్నా పెద్దవాళ్ళకున్నంత పట్టింపు ఉండేది.

ఆ ఏడు పిల్లలందరికీ పట్టిన పిచ్చి బొమ్మల కార్డులు. ఒక రకం బబుల్ గమ్ కొంటే లోపల అగ్గిపెట్టెంత కార్డు వచ్చేది. దాని మీద ఒక జంతువు, ఒకటి నుంచి అరవై దాకా ఏదో ఒక నెంబరు, కింద దాని బలం ఎంతో ఒక అంకె. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చెరొక కార్డూ తిప్పితే ఎక్కువ బలం ఉన్న జంతువు రెండో దాన్ని తినేస్తుంది. ఆట అంతే. కానీ అరవై నెంబర్లూ పోగుచేసి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది ఏజెంటు షాపులో చూపిస్తే వీడియో గేమ్ ఇస్తారని గమ్ కాగితం మీదే అచ్చు వేశారు. అరచేతిలో పట్టేంత పెట్టె, బూడిదరంగు తెర, రెండు బొత్తాలు. షాపు అద్దంలో పెట్టి ఉండేది. మేం బస్సు దిగి దాన్ని చూసి మళ్ళీ బస్సెక్కిన రోజులున్నాయి.

ఆడుతూ పోగొట్టుకుంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. మోసమంతా మార్పిడిలోనే. బడి చార్టులోంచి పులిబొమ్మ కత్తిరించి అట్టకి అంటించేవాళ్ళున్నారు. ఒక కార్డు చూపించి చేతిలో ఇంకొకటి పెట్టేవాళ్ళున్నారు. అందరికంటే ఎక్కువమంది, ముందు నువ్వియ్యి, నాది రేపు తెస్తా అనేవాళ్ళు. ప్లాటు గొడవ చూసిన మర్నాడు నా స్నేహితురాలు ఆ ఖాళీ ప్లాటు మూలనున్న హద్దురాయి దగ్గరికి అందరినీ పిలిచి కొత్త పద్ధతి చెప్పింది. ఇక మీదట ఏ మార్పిడైనా రాయి మీదే. ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టాలి. చెరొక సాక్షి ఉండాలి. నెంబరు పైకి చదవాలి, వెనక్కి తిప్పి కంపెనీ ముద్ర చూపించాలి. అప్పుడు ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపి ఎదుటివాళ్ళది తీసుకోవాలి. దీనికి రిజిస్ట్రీ అని పేరు పెట్టాం. రాయి మీదికి రాని బేరం బేరమే కాదని ఆమె తేల్చింది. పెద్దపిల్లలు కూడా ఒప్పుకున్నారు, ఎందుకంటే మోసపోయింది వాళ్ళే ఎక్కువ.

ఈమధ్య మా బంధువుల పిల్లవాడొకడు ఫోన్ ఆటలో ఏదో అరుదైన కత్తి పోగొట్టుకుని అన్నం మానేశాడు. ఎలా పోయిందంటే, ఎవరో పరిచయమై, అది అసలుదో కాదో మా ఫ్రెండ్ చూసి చెప్తాడు, ఒకసారి పంపు అన్నాడట. పంపాడు. నేను అడిగితే తెలిసింది, ఆ ఆటలోనూ మార్పిడికి ఒక తెర ఉంది, రెండు గళ్ళు ఉంటాయి, ఇద్దరూ తమ వస్తువులు అందులో పెట్టి ఇద్దరూ ఒప్పుకుంటేనే చేతులు మారతాయి. ఆ తెర బయట ఇచ్చినదాన్ని కంపెనీవాళ్ళు కూడా తిరిగి ఇప్పించరు. వాడికి నేను చెప్పింది ఒకటే. తెర మీద పెట్టనన్నవాడితో మాటే వద్దు, వాడు ఎంత మనవాడైనా సరే. వాడు నన్ను వింతగా చూశాడు. నాకు ఆ ఆటలు రావని వాడికి తెలుసు.

నేనూ ఆమే మా కార్డులు కలిపేశాం. ఎవరికి వాళ్ళుగా అరవై పూర్తి చెయ్యడం జరిగే పని కాదని అర్థమయ్యాక ఆమే ఆ మాట అంది. తనవి ముప్ఫై రెండు, నావి ఇరవై ఏడు. వీడియో గేమ్ వస్తే వారం నా దగ్గర, వారం తన దగ్గర. వాళ్ళింట్లో చిన్నపిల్లలు ఎక్కువ, కార్డులు నోట్లో పెట్టుకుంటారు. అందుకని అన్నీ మా ఇంట్లో, మా అమ్మ బిస్కెట్ల డబ్బాలో. తన ముప్ఫై రెండూ నా ఒళ్ళో పోసేసి వెళ్ళిపోయింది. లెక్కపెట్టలేదు, రాయి దగ్గరికి రమ్మనలేదు. వాటిలో నలభై నాలుగో నెంబరు ఏనుగు ఉంది. మా చుట్టుపక్కల ఎవరి దగ్గరా ఏనుగు లేదు. దాన్ని ఆమె ఒకసారి సున్నం తడి ఆరని గోడ మీద పెట్టడంతో చెవి దగ్గర తెల్ల మరక పడి ఉండేది.

ఇక ఒక్కటే తక్కువ, యాభై రెండు, గుడ్లగూబ. నెలాఖరు దాకానే గడువు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికుంటున్న ఒక కుటుంబం మా అమ్మకి సత్యనారాయణ వ్రతంలో పరిచయమైంది. గుంటూరు వైపువాళ్ళు. వాళ్ళ పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. నేను అక్కా అనేదాన్ని. ఆదివారాలు తల్లితో మా ఇంటికొచ్చేది. చక్కగా మాట్లాడేది, వంచిన తల ఎత్తేది కాదు, కాఫీ గ్లాసులు తనే కడిగి బోర్లించేది. పిల్లంటే అలా ఉండాలని అమ్మ నాకు వారం పొడుగునా వినిపించేది. ఒక ఆదివారం నేను డబ్బా తెరిచి కార్డులు చూపిస్తే అక్క ఒక్కొక్కటీ జాగ్రత్తగా చూసింది. మలక్‌పేటలో తన పిన్ని కొడుకు దగ్గర గుడ్లగూబలు రెండున్నాయంది. నా దగ్గర అదనంగా ఉన్న మూడు పులులూ ఇస్తే ఒకటి ఇస్తాడంది. కాకపోతే మా దగ్గర ఏనుగుందంటే వాడు నమ్మడు, గొప్పలంటాడు. ఒక్కసారి చూపిస్తే చాలు, వచ్చే ఆదివారం ఏనుగూ గుడ్లగూబా రెండూ తెచ్చేస్తానంది.

రాయి సంగతి నాకు గుర్తు రాకపోలేదు. ఇక్కడ బేరాలన్నీ సాక్షుల ముందే చేస్తామని నసిగాను.

అక్క నవ్వింది. "అవన్నీ ఇక్కడివాళ్ళతోనే. మనం మనం కదా."

అది మా అమ్మ రోజూ అనే మాటే. అందుకే అందులో నాకు తప్పేమీ కనపడలేదు. పైగా నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, మనం అన్న మాటలో నన్ను కలుపుకున్నందుకు. ఏనుగు నాది కాదనీ, అడగాల్సిన మనిషి నాలుగిళ్ళ అవతలే ఉందనీ ఆ క్షణంలో ఒక్కసారైనా తట్టిందా అని చాలాసార్లు ఆలోచించాను. తట్టింది. గుడ్లగూబ తెచ్చి తనని ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను. ఏనుగునీ మూడు పులుల్నీ నోటుబుక్కు కాగితంలో మడిచి ఇచ్చాను.

తర్వాతి ఆదివారం అక్క, మరిచిపోయానంది. ఆ పై ఆదివారం వాళ్ళమ్మ ఒక్కతే వచ్చింది. మూడో వారం అక్క వచ్చింది. నేను వంటింటి గడపలో నిలబడి అడగ్గానే కళ్ళు విప్పి చూసింది.

"నాకెప్పుడిచ్చావే? ఎవరు చూశారు?"

గొంతు పెంచలేదు, కోపం లేదు. గ్లాసులు కడుగుతూనే అంది. నిజంగానే ఎవరూ చూడలేదు. ముందు గదిలో ఇద్దరమ్మలూ ఏదో చీర అంచు గురించి మాట్లాడుకుంటున్నారు. లోపలికెళ్ళి చెబితే ఏమవుతుందో ఊహించుకున్నాను. అలాంటి పిల్ల మీద అభాండం వేస్తావా అని అమ్మ అందరి ముందూ నన్నే వాయించేది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండేది ఆ ఏనుగు గురించి కాదు, ఆ గ్లాసుల గురించి. అంత శుభ్రంగా కడిగింది.

ఈ మూడు వారాలూ నా స్నేహితురాలు డబ్బా చూద్దామని అడుగుతూనే ఉంది. నేను బీరువా తాళం అమ్మ దగ్గరుందనో, చుట్టాలున్నారనో తప్పించుకుంటూ వచ్చాను. గడువు ఇంకో వారం ఉందనగా ఒక బుధవారం ఆమె మా ఇంటికే వచ్చేసింది. గుడ్లగూబ చంపాపేటలో ఒకమ్మాయి దగ్గరుందట, వాళ్ళ మేనత్త ద్వారా అడిగించిందట, మార్పిడికి ఒప్పుకుందట. అంటే అరవై పూర్తి. డబ్బా తియ్యమంది. తీశాను. ఏనుగు కనపడట్లేదన్నాను. ఆమె కార్డుల్ని నెంబర్ల ప్రకారం నేల మీద వరసలుగా పేర్చింది. యాభై రెండుతో పాటు నలభై నాలుగు దగ్గరా ఖాళీ వదిలేసింది. నా మొహం చూసింది. మళ్ళీ డబ్బాలో సర్ది వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక ఏడ్చాను. అమ్మ చూసింది. ఏమైందంటే ఏనుగు కార్డు పోయిందన్నాను. ఎప్పుడు పోయింది, ఇంట్లోకి ఎవరొచ్చారు అని అడిగింది. డబ్బా ముట్టుకున్నది ఎవరంది. నేను నా స్నేహితురాలే అన్నాను. అది అబద్ధం కాదు కూడా. ఇప్పుడే కదా ముట్టుకుంది. అమ్మ మొహంలో అంతా తేలిపోయిన నిశ్చింత వచ్చింది. ఆ కార్డు ఆ పిల్లదేనని, తన కార్డు తను ఎందుకు దొంగిలిస్తుందని అడగడం అమ్మకి తట్టలేదు. నేను గుర్తు చెయ్యలేదు. నిజం చెబితే నేను తెలివితక్కువదాన్నవుతాను, ఊరుకుంటే ఆమె దొంగవుతుంది. ఊరుకోవడం తేలిక.

అమ్మ నన్ను రెక్క పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళింది. బడి సెలవు దాకా ఆగి, శనివారం పొద్దున. వాళ్ళమ్మ వాకిట్లో పెసలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుని మంచం వాల్చి, చాయ్ పెట్టమని లోపలికి కేకేసింది. మా అమ్మ కూర్చోలేదు. చాలా మర్యాదగా మాట్లాడింది. పిల్లలు కదా, ఆడుకుంటూ తెలియక పట్టుకొచ్చి ఉంటుంది, ఒకసారి చూడండి అంది. మా అమ్మ మర్యాదగా మాట్లాడినప్పుడే అవతలివాళ్ళకి ఎక్కువ తగిలేది. వాళ్ళమ్మ కూతురి వైపు తిరిగి అడిగింది, తీసినవా అని. నా స్నేహితురాలు లేదంది. తనే వెళ్ళి తన పుస్తకాల సంచీ తెచ్చి వాకిట్లో బోర్లించింది. పుస్తకాలు, విరిగిన స్కేలు, రిబ్బను, చింతగింజలు. తర్వాత తన బట్టల పెట్టె తెచ్చి అది కూడా బోర్లించింది. వాళ్ళ తాత అరుగు మీద నుంచి అంతా చూస్తున్నాడు. ఆమె లంగాలూ జాకెట్లూ ఒక్కొక్కటీ దులిపి చూపించింది. నన్ను ఒక్కసారి చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా అమ్మ కొంగు వెనక నిలబడ్డాను.

చాయ్ వచ్చింది. అమ్మ తాగలేదు. తిరిగొస్తూ, ఎక్కడో దాచే ఉంటుందిలే, ఇక దాన్ని ఇంటికి రానివ్వకు అంది.

గడువు దాటిపోయింది. బడిలో ఆమె నా పక్కనే కూర్చునేది, రబ్బరు అడిగితే ఇచ్చేది, అంతకుమించి మాట లేదు. నేను తిండి సరిగా తినలేకపోయాను, జ్వరమేమో అనుకుని అమ్మ మిరియాల చారు పెట్టింది. పది రోజులు అలా గడిచాక ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ ఖాళీ ప్లాటు దగ్గర ఆమెని ఆపాను. అంతా చెప్పేశాను. అక్క సంగతి, మలక్‌పేట పిన్ని కొడుకు సంగతి, కాగితంలో మడిచి ఇచ్చిన సంగతి, మా అమ్మకి చెప్పని సంగతి. చెబుతూ ఏడ్చాను. ఆమె సంచీ ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"నాకెర్కే," అంది. "గా బేస్తారం నాడే ఎర్కయింది. మా నాయినతోని దిల్‌సుఖ్‌నగర్ పోయిన. గా షాపుల గా అక్క వీడియో గేమ్ తీస్కుంటుండె. ఏనుగు చెవి మీద సున్నం చూసిన."

బేస్తవారం. అంటే మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళడానికి రెండు రోజుల ముందు. వాకిట్లో సంచీ బోర్లించేటప్పటికే ఆమెకి అంతా తెలుసు. మరి మా అమ్మ ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీ అమ్మ నిన్ను గక్కడ్నే కొడుతుండె. మా వాకిట్లకి ఒచ్చినంక నిన్ను ఎట్ల కొట్టనిస్త?" అంది. రెండడుగులు వేసి, "నువ్వే చెప్తవేమో అని చూసిన," అంది.

ఆ సాయంత్రమే అమ్మకి చెప్పాను. దెబ్బలు పడ్డాయి, నాకు అవి లెక్క కాదు. ఆ తర్వాత అమ్మ చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. వాళ్ళింటికెళ్ళి చెప్పి వద్దామని నేను అడిగితే, ఇప్పుడెళ్ళి ఏమని చెప్పను, ఊరుకో అంది. మర్నాడు కూడా అడిగాను. అమ్మ వెళ్ళలేదు. గుంటూరు వాళ్ళతో రాకపోకలు మెల్లగా తగ్గించుకుంది, ఎందుకో వాళ్ళకీ చెప్పలేదు. ఇక్కడివాళ్ళు అనే మాట మాత్రం మా ఇంట్లో ఎప్పటిలాగే వినిపించేది.

నా పుట్టినరోజుకి అమ్మ పాయసం చేసింది. తనే అంది, ఆ పిల్లని పిలవమని. అది అమ్మకి చేతనైన క్షమాపణ అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది, అప్పుడు అంత ఆలోచించలేదు. పరిగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చాను. ఆమె గేటు దాకా వచ్చి ఆగిపోయింది. లోపల్నుంచి యాలకుల వాసన వస్తోంది. మా అమ్మ గుమ్మంలోకొచ్చి లోపలికి రామ్మా అని పిలిచింది. ఆమె అమ్మకి నమస్తే పెట్టింది. కదల్లేదు. నేను చెయ్యి పట్టి లాగితే, అమ్మకి వినపడకుండా మెల్లగా నాతో అంది.

"ఒద్దు. మీ ఇంట్ల మల్ల ఏమన్న కనవడకపోతే నా మీదికే ఒస్తది. నువ్వే బయటికి రా."

నేనే గిన్నె పట్టుకుని బయటికి వెళ్ళాను. పదో తరగతి అయ్యేదాకా అలాగే వెళ్ళాను.